ఈల వెయ్యని మైదానం

టొలీడో, ఒహాయో
26 జూలై 1994

మామయ్యా,

ఈ రోజు, మంగళవారం, పొద్దున తొమ్మిదిన్నరకి జట్టు డాక్టర్ నా కుడి మోకాలు ఆటకి పనికొస్తుందని రాసి సంతకం పెట్టాడు. కాలేజీ చివరి ఆటలో తెగినదాన్ని కుట్టి ఎనిమిది నెలలు దాటింది. కాలిని వంచాడు, లాగాడు, మచ్చ మీద బొటనవేలితో నొక్కి నొప్పా అన్నాడు. లేదన్నాను. అబద్ధం కాదు. అలసట తప్ప ఏమీ తెలియలేదు.

ఫోన్ చెయ్యొచ్చు కదా అనకు. శిబిరంలో వరండాకి ఒకటే ఫోన్, దాని ముందు ఎప్పుడూ వరస. పైగా నీతో ఫోన్లో మాట్లాడటమంటే వీధంతటికీ వినిపించేలా అరవడమే. చెవులు పోయేలా ప్రెస్సు యంత్రాల పక్కన బల్ల వేసుకుని అన్నేళ్ళు కూర్చోమని నీకెవరు చెప్పారు? అమ్మకి నువ్వే చెప్పు.

మోకాలి సంగతి అయిపోయింది, ఇక తలకాయ సంగతి. మన ఊళ్ళో ఫుట్‌బాల్‌లో క్వార్టర్‌బ్యాక్ అంటే చేత్తో బంతి విసిరేవాడు. ఇక్కడికి వచ్చాక తెలిసింది, అది ముందు నోటితో చేసే ఉద్యోగమని. ఈ ఏడాది కొత్తగా మా హెల్మెట్లలో చిన్న రేడియో పెట్టారు. మైదానం అంచున నిలబడి కోచ్ విట్‌లాక్ ఒక ఎత్తు, అంటే ఈసారి ఎవడు ఎటు పోవాలో, చెబుతాడు. అది నేను విని, గుండ్రంగా మూగిన పదిమందికీ పొల్లుపోకుండా మళ్ళీ చెప్పాలి. కాలేజీలో మా ఎత్తులకి రెండేసి మాటలు. ఇక్కడ ఇలా ఉంటుంది: కుడి విడి, దగ్గర, చివరివాడు దాటు, రెండు జెట్, తొంభై నాలుగు, కొక్కెం, జెండా, వెనకవాడు తూము, రెండుకి. ఒక్కో మాట ఒక్కో మనిషికి ఉత్తర్వు. చివరి 'రెండుకి' అంటే నా రెండో అరుపుకి బంతి కదలాలని. ఒక్క మాట తప్పితే ఒకడు కుడికి, ఒకడు ఎడమకి పోతారు. మధ్యలో నేను మిగులుతాను.

ఇలాంటివి ఉన్న ప్లేబుక్ మూడంగుళాల మందం. అన్నం తింటూ చదువుతున్నాను, స్నానం చేస్తూ అప్పజెప్పుకుంటున్నాను. ఐదో మాట దాటేసరికి నోరు తిరగదు. మార్విన్ టోలివర్ అని మా సెంటర్ ఉన్నాడు. కాళ్ళ సందు నుంచి బంతిని వెనక్కి నా చేతికి అందించేవాడు. పన్నెండేళ్ళుగా ఈ జట్టులోనే ఉన్నాడు. నిన్న నేను ఎత్తు చెప్పడం విని, "తమ్ముడూ, నువ్వు మాకు పని చెబుతున్నావా, రైల్లో పోగొట్టుకున్న సామాను చెబుతున్నావా?" అన్నాడు. పదిమందీ నవ్వారు. నేనూ నవ్వాను, ఇంకేం చెయ్యను?

నాకంటే ముందు ఇద్దరు క్వార్టర్‌బ్యాకులు ఉన్నారు. వచ్చే నెలాఖరులోపు జట్టు తేలుస్తారు.

కోల్


స్లేట్ ఫోర్క్, పెన్సిల్వేనియా
1 ఆగస్టు 1994

అబ్బాయ్ కోల్,

ఉత్తరం అందింది. మీ అమ్మకి చదివి వినిపించాను. మోకాలి దగ్గర ఏడ్చింది, సామాను దగ్గర నవ్వింది. గింజల రొట్టె చేసి పంపుతానంటోంది. ఎండలకి పాడవుతుందని ఆపాను.

నీ ఉత్తరంలో ఒక సంగతి లేదు. నిన్ను ఇంతవరకు ఎవరైనా కింద పడేశారా? మోకాలు వంగుతుందని డాక్టర్ చెప్పాడు. నూట ఇరవై కిలోల మనిషి పరిగెత్తుకుంటూ వచ్చి దాని మీద పడితే ఏమవుతుందో ఆయన చెప్పలేదు, చెప్పలేడు కూడా. ఆ విషయం తేలిన రోజు రాయి.

చదవడం గురించి నాకు తెలిసింది ఒకటే. కొత్తలో కోర్టు వార్తలకి పంపితే సెక్షన్ల నంబర్లు నాకు ఎక్కేవి కావు. నంబరు వదిలేసి ఆ నేరం చేసినవాడి మొహం గుర్తుపెట్టుకున్నాను. నువ్వూ మాటల్ని వదిలి, మనుషుల్ని గుర్తుపెట్టుకుని చూడు. కొక్కెం ఎవడు? తూము ఎవడు?

ఇక్కడ కొత్త సంగతులు లేవు. మూతపడ్డ అద్దాల ఫ్యాక్టరీ గేటుకి మూడో తాళం వేశారు. లోపల దొంగిలించడానికి ఏముందని వేశారో మా పేపర్లో రాయమన్నారు. రాశాను.

మీ మామయ్య
రూడీ


టొలీడో
21 ఆగస్టు 1994

మామయ్యా,

నిన్నటి ఆట టీవీలో వచ్చింది, చూసే ఉంటావు. లెక్కలోకి రాని ఆటే కాబట్టి చివరి భాగంలో నన్ను దింపారు. మొదటి రెండు ఎత్తులూ తప్పు లేకుండా చెప్పాను. మాటల్ని వదిలి మనుషుల్ని పట్టుకోమన్నావుగా, అది పనిచేసింది. మూడోదానికి నా ముందు కాపు కాసే మా వాళ్ళ గోడ కూలింది. బంతి చేజారింది, వాళ్ళవాడు ఎత్తుకుని పరిగెత్తాడు. అంతే.

నన్ను ఉంచారు. మూడోవాడిగా. ముందున్న ఇద్దరికీ ఏదైనా అయితే తప్ప బట్టలు మార్చుకునే పని కూడా లేదు. మోకాలు బాగానే ఉంది.

అలసిపోయాను. మళ్ళీ రాస్తాను.

కోల్


స్లేట్ ఫోర్క్
24 ఆగస్టు 1994

కోల్,

స్లొవాక్ క్లబ్బులో పెద్ద టీవీ ఉంది. ఆట అక్కడ చూశాను. క్లబ్బువాడు దాన్ని టేపు మీద ఎక్కించాడు కాబట్టి మర్నాడు మళ్ళీ చూశాను.

గోడ కూలలేదు. ఒక్కడు తప్పించుకుని వచ్చాడు, వాడి చెయ్యి నీ భుజానికి తగిలింది. తగిలింది, అంతే. నువ్వు నిలబడే ఉన్నావు, బంతి నీ చేతిలోనే ఉంది, ఎదురుగా నీ మనిషి ఖాళీగా చెయ్యెత్తి ఉన్నాడు. నువ్వు ఆగిపోయావు. బస్సు కోసం చూస్తున్నవాడిలా నిలబడ్డావు. వాడు రెండో చేత్తో బంతిని కొట్టేశాడు.

ఇక్కడ అందరూ మోకాలు అంటున్నారు. నేను భయం అంటున్నాను. కాలేజీలో నిన్ను పడేసిన క్షణం నీ ఒంట్లో మిగిలిపోయింది. అందులో సిగ్గుపడాల్సింది లేదు. గోడ కూలిందని నాకు రాయడంలో ఉంది.

రూడీ


టొలీడో
9 అక్టోబర్ 1994

మామయ్యా,

ఆరు వారాలు రాయలేదు. కోపం వచ్చింది, నిజమే. నీ ఉత్తరం మూడుసార్లు చదివి మూడుసార్లు అవతల పారేశాను. నాలుగోసారి మార్విన్‌కి చూపించాను. అతను చదివి, "మీ మామయ్య చూసింది నిజం. అనుకున్నది తప్పు" అన్నాడు.

మూడోవాడి పని ఏమిటో నీకు చెప్పలేదు. ప్రతి వారం అభ్యాసంలో నేను అవతలి జట్టు క్వార్టర్‌బ్యాక్ వేషం వేస్తాను. వాళ్ళ ఎత్తుల బొమ్మలు గీసిన అట్టలు నా ముందు పట్టుకుంటారు, వాటి ప్రకారం విసురుతాను. మావాళ్ళు నన్ను ఆపడం నేర్చుకుంటారు. కానీ నన్ను కింద పడెయ్యకూడదు. అందుకని నాకు ఎర్ర చొక్కా తొడుగుతారు. ఎర్ర చొక్కాని ముట్టుకుంటే చాలు, ఈల. ఈల పడితే అక్కడితో ఆట ఆగినట్టు. మిగతా క్వార్టర్‌బ్యాకులకీ అదే చొక్కా. కాకపోతే వాళ్ళు ఆదివారం అది విప్పి దెబ్బలు తింటారు. నేను మే నెలలో వేసుకున్నది ఆగస్టులో ఆ ఒక్క ఆటకి తప్ప ఇంతవరకు విప్పలేదు.

మొన్న అభ్యాసం అయ్యాక అందరూ వెళ్ళిపోయారు. మార్విన్ నన్ను ఆగమన్నాడు. చేతికి బంతి ఇచ్చి, "విసురుతున్నట్టు నిలబడు" అన్నాడు. నిలబడ్డాను. మెల్లగా నడుచుకుంటూ వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు. నేను బంతి దించేశాను.

"నేను నిన్ను తోశానా?" అన్నాడు.

లేదన్నాను.

"మరెందుకు ఆపావు?"

"అయిపోయింది కదా" అన్నాను.

"ఎవడు చెప్పాడు?"

మామయ్యా, ఆ మైదానంలో ఈల వేసేవాడు లేడు. ఉన్నది మేమిద్దరమే. నాకు మాత్రం వినిపించింది.

తర్వాత అతను కూర్చుని చాలాసేపు మోకాళ్ళు రుద్దుకున్నాడు. ఇంతకుముందు ఇద్దరు కుర్రాళ్ళని ఇలాగే చూశాడట. వాళ్ళు తమకి భయమనే అనుకుని, భయం పోగొట్టుకోవడానికి ఏవేవో చేసి, ఇంటికి వెళ్ళిపోయారట. "నువ్వు పిరికివాడివి కాదు, బుద్ధిమంతుడివి. ఇక్కడ అది ఇంకా పాడు" అన్నాడు.

మర్నాడు కోచ్ విట్‌లాక్ దగ్గరికి వెళ్ళి నాకు ఎర్ర చొక్కా వద్దన్నాను. నన్ను కొట్టమని మావాళ్ళకి చెప్పమన్నాను. ఆయన నన్ను కూర్చోమని కూడా అనలేదు. "ఆ కాలి మీద డబ్బు పెట్టింది యజమాని. చొక్కా తియ్యాలో వద్దో ఆయన ఇష్టం, నీ ఇష్టం కాదు" అన్నాడు. మావాళ్ళెవరైనా నన్ను పడేస్తే వాళ్ళకి జరిమానా. కాబట్టి ఎవరూ పడెయ్యరు.

ప్లేబుక్ ఇప్పుడు నోటికి వచ్చింది. పచారీ కొట్లో బీన్సు డబ్బాల ముందు మార్విన్ హఠాత్తుగా ఒక ఎత్తు అందుకుంటాడు, నేను పూర్తి చెయ్యాలి. నిన్న లెక్క కట్టే అమ్మాయి మేము ఏ మతంవాళ్ళమని అడిగింది. నోరు తిరుగుతోంది, కాలు వంగుతోంది. ఎవడైనా ముట్టుకుంటే ఆగిపోతున్నాను.

ఒకటి అడుగుతాను. థాంక్స్‌గివింగ్ పండుగ నాటి మన ఊరి ఆట ఈసారీ ఉందా?

కోల్


స్లేట్ ఫోర్క్
13 అక్టోబర్ 1994

కోల్,

సవరణ. ఆగస్టు ఇరవై నాలుగు నాటి నా ఉత్తరంలో, మూడో పేరాలో, నీ ఆగిపోవడానికి కారణం భయమని రాశాను. అది తప్పు. కారణం అలవాటు. తప్పుకి విచారిస్తున్నాను. గోడ గురించి రాసింది మాత్రం అలాగే ఉంటుంది.

ఇక నువ్వు ఉత్తరం చివర అడిగిన దానికి. ఉంది. ఎప్పటిలాగే ఆ గురువారం పొద్దున ఎనిమిదికి, అద్దాల ఫ్యాక్టరీ వెనక, కొండ మీదివాళ్ళకీ రైలుకట్ట కిందివాళ్ళకీ. హెల్మెట్లు లేవు, మెత్తలు లేవు, ఈల కూడా లేదు. నువ్వు ఎందుకు అడిగావో నాకు అర్థమైంది. వద్దు.

ఏప్రిల్‌లో నీ ఒప్పందం మా వంటింటి బల్ల మీద పెట్టుకుని ఇద్దరం చదివాం. జట్టు అనుమతి లేకుండా దెబ్బ తగిలే ఏ ఆటా ఆడకూడదని ఉంది. ఆడితే ఆ రోజే తీసెయ్యొచ్చని ఉంది. బురదలో గ్యాస్ బండి తోలే డెనీ పావ్లిక్ లాంటివాడు మోకాలి మీద పడితే కుట్టించే యజమాని ఉండడు. వస్తే మీ అమ్మ పక్కన నిలబడి కాఫీ తాగు. గీత దాటకు.

రూడీ


టొలీడో
21 నవంబర్ 1994

మామయ్యా,

పేపర్లో చూసే ఉంటావు. మొదటివాడికి పదమూడో తేదీన మెడ కింది ఎముక విరిగింది. నిన్న రెండోవాడి చీలమండ తిరిగింది, మూడు వారాలు లేవడు. ఈ ఆదివారం మాకు ఆట లేదు. వచ్చే ఆదివారం, డిసెంబర్ నాలుగున, ఒంటి గంటకి, నేను.

కోచ్ ఆ మాట చెప్పేటప్పుడు నా మొహం చూడలేదు, మోకాలు చూశాడు.

అందరికీ నాలుగు రోజులు సెలవిచ్చారు. బుధవారం రాత్రి భోజనానికి ఇంటికి వస్తున్నాను. అమ్మని క్యాబేజీ నూడుల్స్ చెయ్యమను. గురువారం పొద్దున మైదానానికి వస్తాను. చూడ్డానికే.

కోల్


స్లేట్ ఫోర్క్
25 నవంబర్ 1994

కోల్,

నిన్న నీతో మాట్లాడలేదు. భోజనాల బల్ల దగ్గర మీ అమ్మ ఉంది, మాట్లాడితే నేను అరుస్తాను, నువ్వు అరవాలి. నువ్వు ఈ పొద్దున్నే టొలీడో వెళ్ళిపోయావు. అందుకని రాస్తున్నాను.

జరిగింది ఇదీ. ఆట సగానికి రైలుకట్ట కిందివాళ్ళు రెండు పాయింట్లు వెనకబడి ఉన్నారు. మీ అమ్మ కాఫీ ఫ్లాస్కు కోసం కారు దగ్గరికి వెళ్ళి అక్కడ ఎవరితోనో మాటల్లో పడింది. నువ్వు కోటు విప్పి కంచెకి తగిలించి గీత దాటావు. ఎవరూ నిన్ను రమ్మనలేదు, ఎవరూ వద్దనలేదు.

మొదటిసారి డెనీ నీ మీదికి వచ్చి చొక్కా పట్టుకున్నాడు. నువ్వు ఆగిపోయావు. వాడూ ఆగిపోయాడు. ఇద్దరూ పెళ్ళి ఫోటోలోలాగా నిలబడ్డారు. అక్కడ మీరు ఏమనుకున్నారో నాకు వినపడదు కాబట్టి డెనీని సాయంత్రం అడిగి తెలుసుకున్నాను.

"పడెయ్‌రా, చేతకాదా?" అన్నావట.

"మీ అమ్మ నన్ను చంపేస్తుంది" అన్నాడట.

"మా అమ్మ అటు తిరిగి ఉంది. గ్యాస్ బండి తోలి తోలి నడుం పడిపోయిందా?"

ఆ తర్వాతది నేను కళ్ళారా చూశాను. వాడు నిన్ను బురదలో పాతేసినంత పని చేశాడు. నువ్వు లేవడానికి కొంచెం సేపు పట్టింది. లేచాక మోకాలు చూసుకోలేదు, చుట్టూ చూశావు. ఎవరైనా ఆపుతారేమోనని చూశావనుకుంటా. ఎవరూ ఆపలేదు. తర్వాతి ఎత్తుకి వాడి చెయ్యి నీ మెడ మీద ఉండగానే విసిరావు. బంతి చేరాల్సినవాడికి చేరింది. ఆ తర్వాత వాడు నిన్ను ఇంకో మూడుసార్లు పడేశాడు, చివరికి నీ విసురుతోనే మీవాళ్ళు గెలిచారు.

మీ అమ్మ వచ్చేసరికి నువ్వు కోటు వేసుకుని ఉన్నావు. ఆమె నీ ప్యాంటు చూసింది. నన్ను చూసింది. ఫ్లాస్కు మూత తీసి కాఫీ పోసింది.

ఇప్పుడు నా పని. ఈ ఆట గురించి ముప్పై ఒక్క ఏళ్ళుగా రాస్తున్నాను. మా వారపత్రిక బుధవారం వస్తుంది, కథనం మంగళవారం మధ్యాహ్నం పన్నెండుకి ఇవ్వాలి. గెలిపించిన విసురు నీది. నీ పేరు లేకుండా ఆ ఆట రాయడం కుదరదు. రాయకుండా ఉండటానికి దారి వెతికాను, కాదనను. నిన్న సాయంత్రమంతా వెతికాను. కానీ ఇన్నేళ్ళలో బడిపిల్లలు బంతి జారవిడిచినా పేరు రాశాను. వాళ్ళ తల్లుల్లో ఇద్దరు ఆ కోపంతో ఇప్పటికీ చర్చిలో నాకు దూరంగా, అవతల బెంచీలో కూర్చుంటారు. నా మేనల్లుడి పేరు మాత్రం మింగేస్తే వాళ్ళ ముఖం ఎలా చూడను?

స్లేట్ ఫోర్క్ పేపరు టొలీడోలో ఎవరూ చదవరని నువ్వు అనుకోవచ్చు. వచ్చే ఆదివారం ఆడబోయే క్వార్టర్‌బ్యాక్ సొంత ఊరి పేపరు కోసం టొలీడో విలేకరులు బుధవారమే ఫోన్ చేస్తారు. నేనైతే చేస్తాను.

ఈ ఉత్తరం నీకు సోమవారం అందుతుంది. మంగళవారం పన్నెండు లోపల మీ కోచ్‌కి నీ నోటితో చెప్పు. పేపర్లో చదివి తెలుసుకునేలా చెయ్యకు.

నాకూ నిద్ర లేదు.

రూడీ


టొలీడో
29 నవంబర్ 1994, మంగళవారం

మామయ్యా,

ఇది ఎక్కువ డబ్బు కట్టి రేపటికల్లా చేరేలా పంపుతున్నాను. చెప్పాను. నిన్న మూడింటికి, అభ్యాసానికి ముందు.

నీ ఉత్తరం చదివాక కాసేపు నిన్ను తిట్టుకున్నాను. మార్విన్‌కి చెబితే అతనూ తిట్టాడు, నిన్ను కాదు, నన్ను. "నాతో ఒక్క మాట అని ఉంటే జరిమానా కట్టుకుని నేనే పడేసేవాణ్ణి కదరా" అన్నాడు. ఆ ఆలోచన నాకు రాలేదు. ఊరే గుర్తొచ్చింది.

కోచ్ విట్‌లాక్ మొత్తం విన్నాడు. ఆయన కళ్ళ కింద సంచులు వేలాడుతున్నాయి. ఈ ఏడాది తొమ్మిది ఓడిపోయాం. చివరికి, "ఇది ఇంకెవరికి తెలుసు?" అన్నాడు.

బుధవారం అందరికీ తెలుస్తుందన్నాను. మా మామయ్య రాస్తున్నాడన్నాను.

"మీ మామయ్యా?"

"ఆయన విలేకరి."

"నాకూ ఒక మామయ్య ఉన్నాడు. సాసేజీలు అమ్ముతాడు. ఎవరి జోలికీ పోడు" అన్నాడు.

తర్వాత, పడినప్పుడు ఏమైందని అడిగాడు. ఆగిపోయి, పడి, లేచి, మళ్ళీ ఆగకుండా విసిరానన్నాను. మోకాలు ఎలా ఉందన్నాడు. ఇక్కడ నీకు కూడా దాచిన మాట ఒకటి ఉంది. శుక్రవారం కారు నడుపుతుంటేనే వాచింది. దాన్నీ చెప్పేశాను. ఈ పొద్దున డాక్టర్ సూదితో నీళ్ళు తీశాడు. లోపల ఏమీ తెగలేదన్నాడు. శనివారం పదింటికి మళ్ళీ చూస్తాడు.

నిజం చెప్పాను కాబట్టి మంచిగా ఉంటుందని ఎక్కడో అనుకున్నాను మామయ్యా. కోచ్ అది నా మొహంలో చూసినట్టున్నాడు. "నువ్వు చెప్పినందుకు నీకేమీ రాదు. ఆదివారం నాకు రెండు కాళ్ళ మీద నిలబడే క్వార్టర్‌బ్యాక్ కావాలి. నువ్వొక్కడివే ఉన్నావు. ఆడతావు. మిగతాది నా చేతుల్లో లేదు" అన్నాడు.

మిగతాది జట్టు మేనేజర్ చేతిలో ఉంది. నిన్న సాయంత్రం ఆయన గుమస్తా వచ్చి చెప్పి వెళ్ళాడు. సోమవారం, డిసెంబర్ అయిదు, పొద్దున తొమ్మిదికి ఆయన గదికి రావాలి. ప్లేబుక్ తీసుకురావాలి. ఇక్కడ ప్లేబుక్ తీసుకురమ్మన్నారంటే, జట్టు సొమ్ము జట్టుకి అప్పగించి పెట్టె సర్దుకోమని. ఇన్ని నెలల్లో ఆ పిలుపు వచ్చాక జట్టులో మిగిలినవాణ్ణి ఒక్కణ్ణీ చూడలేదు. ఆదివారం గెలిస్తే ఆ పిలుపు మారుతుందా అని నేను గుమస్తాని అడగలేదు. అతనూ చెప్పలేదు.

మార్విన్ నా బల్ల మీది ఆ పుస్తకాన్ని తెరిచి నా ముందుకి తోశాడు. "సోమవారం దాకా ఇది నీదే. చదువు" అన్నాడు. చదువుతున్నాను. అవతలివాళ్ళ కోసం కొత్తగా ఇరవై ఎత్తులు ఇచ్చారు.

రేపటి నుంచి నాకు ఎర్ర చొక్కా లేదు. కోచ్ తీసేశాడు. ఇక కాపాడాల్సినది ఏముందని కాబోలు.

ఇది చేరేసరికి నువ్వు రాసేసే ఉంటావు. నా మీద జాలితో ఒక్క మాట ఎక్కువా తక్కువా రాసి ఉండవనే నమ్ముతున్నాను.

కోల్


స్లేట్ ఫోర్క్
30 నవంబర్ 1994

కోల్,

నీ ఉత్తరం పదకొండింటికి వచ్చింది. పేపరు అప్పటికే వచ్చేసింది. ఆరో పేజీలో, కుడివైపు, బౌలింగ్ ఫలితాల పైన. నీ గురించి ఉన్నది మొత్తం ఇక్కడ ఎత్తి రాస్తున్నాను, పేపరు నీకు చేరేసరికి ఆలస్యమవుతుంది.

"రెండో సగంలో రైలుకట్ట కిందివాళ్ళ తరఫున టొలీడో జట్టు ఆటగాడు కోల్ హ్రివ్నాక్ దిగాడు. ఇతను ఈ విలేకరి మేనల్లుడు. డెనీ పావ్లిక్ అతన్ని నాలుగుసార్లు కింద పడేశాడు. నాలుగుసార్లూ లేచాడు. ఆటను గెలిపించిన విసురు అతనిదే."

ఎక్కువా లేదు, తక్కువా లేదు. మధ్యాహ్నం టొలీడో నుంచి ఇద్దరు ఫోన్ చేశారు. వాళ్ళు అడిగింది మా ఎడిటర్ నాకు కాగితం మీద రాసి చూపించాడు. పేపర్లో ఉన్నదే చెప్పమన్నాను. నీ గురించి ఇంకేమైనా చెబుతారా అని అడిగారట. మామయ్యని అడిగితే ఏం చెబుతాడు, వేరేవాళ్ళని అడగమన్నాను.

నేను రాస్తున్నానని తెలిసి మీ అమ్మ నాతో రెండు రోజులు మాట్లాడలేదు. ఈ సాయంత్రం నీ ఉత్తరం ఇచ్చాను. చదివి, మడిచి, ఎన్నింటికి బయల్దేరుతున్నాం అంది.

శనివారం మధ్యాహ్నం భోజనం కాగానే నా కారులో బయల్దేరుతున్నాం. చీకటి పడేలోపు టొలీడో చేరతాం. మైదానం దగ్గర మోటెల్లో రెండు రాత్రులకి గది తీసుకున్నాను. ఆదివారం ఒంటి గంటకి మేము ఉండేది విలేకరుల గదిలో కాదు. మీ అమ్మ పక్క సీటు కొన్నాను, ఇరవయ్యో వరస. కాగితం, పెన్సిలు తేవడం లేదు.

డాక్టర్ శనివారం పదింటికి ఏమన్నాడో మోటెల్ ఆఫీసులో చెప్పి పెట్టు.

సోమవారం తొమ్మిదికి నువ్వు మేనేజర్ గదిలోకి వెళ్ళేటప్పుడు కారు గేటు బయట ఉంటుంది. వెనక సీటు ఖాళీగా ఉంచుతాను, పెట్టె పట్టేలా. పెట్టె లేకుండా వస్తే మీ అమ్మ ముందు సీట్లోంచి దిగి వెనక కూర్చుంటుంది, మనం ముగ్గురం ఎక్కడైనా టిఫిను తిని, నిన్ను పది గంటల అభ్యాసానికి దింపి, మేము ఇంటికి వెళ్తాం.

రూడీ